తొమ్మిదో బాతు

క్రిస్మస్ సెలవుల్లో ఎక్కడికి వెళ్ళొచ్చారని అడిగిన ప్రతివాళ్ళకీ "కడప జిల్లాకి, బాతుల వేటకి" అని చెప్పి చూశాను. తెనాలిలో ఒక్కరూ నమ్మలేదు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. బళ్ళో పిల్లాణ్ణి బెత్తంతో కొట్టబోయి బల్లని కొట్టే మేష్టారిని నేను. కడపలో నీళ్ళేవి, నీళ్ళు లేనిచోట బాతులేమిటి అన్నది వాళ్ళ రెండో అనుమానం. రాయలసీమ అంటే మావాళ్ళకి పత్రికల్లో కనిపించే కరువు తప్ప మరొకటి తెలియదు. మొన్నటిదాకా నాకూ తెలియదు. అందుకే, వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నన్ను పిలిచినవాడు శేషారెడ్డి. మద్రాసులో చదువుకునే రోజుల్లో ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇప్పుడతనికి బేతంచెర్లలో నాపరాళ్ళ గని ఉంది. కర్నూలు రాజధాని అయింది కదా, అక్కడ లేస్తున్న సర్కారు కచేరీలన్నిటికీ రాళ్ళు పరిచే పని తనకే దక్కాలని అతని ఆశ. ఆ పని ఇవ్వవలసిన ఇంజనీరుగారికి బాతు మాంసమంటే ప్రాణమట. రెండు డజన్ల బాతులతో విందు చేస్తానని మావాడు మాట ఇచ్చి కూర్చున్నాడు. సర్కారు ఇచ్చే వేట కాగితంలో తుపాకికి రోజుకి డజను మించకూడదని ఉంది. రెండు డజన్లకి రెండు తుపాకులు, రెండు తుపాకులకి ఇద్దరు మనుషులు కావాలి. ఆ రెండో మనిషిని నేను. "నువ్వు ఊరికే పక్కన నిలబడు చాలు, నీ వంతు కూడా నేనే కొడతా" అని రాశాడు. ప్రయాణం ఖర్చు అతనిది కాబట్టి బయల్దేరాను.

బేతంచెర్ల

గుంటూరులో చిన్న లైను బండి ఎక్కాను. నల్లమల దాటుతున్నంతసేపూ కిటికీలోంచి తల తీయలేదు. లోయలు, సొరంగాలు, మళ్ళీ లోయలు. మొహమంతా బొగ్గుపొడి పట్టింది, అయినా తీయలేదు. కాలవలూ చేలూ చదునుగా పరుచుకున్న చోట పుట్టినవాణ్ణి. భూమి అలా లేచి నిలబడగలదని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

బేతంచెర్లలో దిగితే ఊరంతా రాయే. గోడలు రాయి, కప్పు రాయి, గొడ్లు కుడితి తాగే తొట్టి రాయి. చేలకి కంచె బదులు మనిషెత్తు పలకలు వరసగా నిలబెట్టారు. మాకు తాటాకు ఎంతో వీళ్ళకి నాపరాయి అంత. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి శేషారెడ్డి ఇంట్లోకి అడుగుపెడితే కాళ్ళకి తగిలిన చల్లదనం ఇప్పటికీ గుర్తుంది. ఆ గచ్చు మీద చాప కూడా వేసుకోకుండా పడుకున్నాను.

స్టేషన్ ఎదురుగా ఒక సాయిబు హోటల్లో ఉగ్గాని పెట్టించాడు శేషారెడ్డి. మన మరమరాలనే ఇక్కడ బొరుగులంటారు. వాటిని నీళ్ళలో ముంచి పిండి, తాలింపు వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీలు. అంతా కలిపి అణాన్నర. ఆ డబ్బుకి తెనాలిలో రెండు ఇడ్లీలు పెట్టి, చట్నీ మరోసారి అడిగితే ఎగాదిగా చూస్తారు. మిరపకాయలో గింజలు తీసి ఉంటారని ధైర్యంగా కొరికాను. ఇక్కడ తీయరు. కళ్ళవెంట నీళ్ళు ధారలు కట్టాయి. సాయిబు పరుగున బెల్లంముక్క తెచ్చి చేతిలో పెట్టాడు.

"అరె, ఇవి సల్లటి కాయలే పంతులుగారూ! కారమైన రకం వేరే ఉండాది. తెప్పించేదా?" అన్నాడు. ఆ అడగడంలో వేళాకోళం లేదు, మర్యాదే ఉంది. అది ఇంకా ప్రమాదం.

మైదుకూరు దారి

మర్నాడు జీపులో నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా మైదుకూరు వైపు సాగాం. నల్లరేగడి మీద జొన్నచేలు కంకి వేసి నిలబడి ఉన్నాయి. ఒకవైపు కొండలు మాతోపాటే వస్తున్నాయి. ఇంత ఖాళీ ఆకాశం నేను మా ప్రాంతంలో చూడలేదు. మాకు ఎటు చూసినా కొబ్బరిచెట్టో తాటిచెట్టో అడ్డం వస్తుంది.

చాగలమర్రి దాటాక టైరు పంక్చరైంది. అది బాగుచేసేలోగా జొన్నచేలో పిట్టల్ని తోలుతున్న ఒక ముసలామె మంచె దిగి వచ్చి ఇద్దరికీ మజ్జిగ పోసింది. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"యాడిదప్పా మీది?" అంది. తెనాలి అన్నాను.

"ఆ తట్టు వానలు పడినాయా?"

నేను తెల్లబోయాను. మావైపు కొత్తమనిషి కనిపిస్తే ముందు ఉద్యోగం, తర్వాత జీతం అడుగుతారు. ఇక్కడ సాయిబు మొదలు ఈ ముసలామె దాకా ప్రతివాళ్ళూ అడిగింది వానే. పడ్డాయి అని చెబితే వాళ్ళ మొహాలు విప్పారేవి. ఎక్కడో మా ఊళ్ళో పడిన వానకి వీళ్ళు సంతోషించడమేమిటి! మజ్జిగ ఇంకొంచెం అడిగి తాగాను.

చెరువు కింద ఊరు

మైదుకూరు నుంచి కొండల వైపు తిరిగాం. ఊరి పేరు చెప్పను. చెబితే తుపాకి భుజాన వేసుకుని బయల్దేరేవాళ్ళుంటారు. శేషారెడ్డి మేనత్త ఓబుళమ్మగారిది ఆ ఊరు. భర్త పోయాక వ్యవసాయమంతా తానే చేయిస్తోంది. చెరువు కింద అందరికంటే ముందు తడిసే మంచి మడులు ఆమెవి. గొంతు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది.

దీపాలు పెట్టే వేళకి రాగి సంగటి, వేరుశనగ పచ్చడి, గోంగూర వడ్డించింది. నేను సంగటి ముద్దని నములుతూ కూర్చున్నాను. అది పళ్ళకి అంటుకుంది. మాట రాలేదు.

"నమిలేది కాదు నాయనా, మింగల్ల! పంతులకు సంగటి మింగేది నేర్పల్లంటే ఎవురొస్తారో!" అని ఆమె పకపకా నవ్వింది. అప్పుడు మేనల్లుడి వైపు తిరిగి, "ఎన్ని కొడతావురా శేసా?" అంది.

"రెండు డజన్లత్తా. సర్కారు కాగితం ఉండాది."

"సర్కారు మన చెరువు సూసిందా?"

అప్పుడు బయటపడింది ఆ ఊరి కట్టుబాటు. తూము దగ్గర ఒక నిలువు రాయి ఉంది, దానికి అడ్డంగా గాట్లు కొట్టారు. ఎన్ని గాట్లు నీళ్ళలో మునిగాయో చూసుకుని, ఏ మడికి ఎన్ని తడులో ఊరు పంచుకుంటుంది. వేటకీ అదే లెక్క. నీళ్ళలో ఎన్ని గాట్లుంటే తుపాకికి అన్నే పిట్టలు. నిండిన ఏడు చేతినిండా కొట్టుకోవచ్చు. ఈ ఏడు నాలుగే గాట్లు మునిగాయి.

"రెండు తుపాకులకు ఎనిమిది. పంతులు వంతు పంతులే కొట్టల్ల. తుపాకి పేల్చనోనికి వంతు లేదు" అంది ఓబుళమ్మగారు. నా నోట్లో సంగటి ముద్ద అక్కడే ఆగింది.

"ఎక్కువ కొడితే?" అన్నాడు శేషారెడ్డి.

"కొట్టు, ఎవురొద్దంటారు? ఎక్కువ పడిన ప్రతి పిట్టకు ఒక తడి నా వంతులో తెగిపోతాది. తుపాకోళ్ళకు అన్నం పెట్టిన ఇల్లు కదా ఇది. ఆ తడి చెరువు కింద చిట్టచివర ఉండే కడమడికి పోతాది. ఇంకా తెగితే దాని పైమడికి."

"ఇదేం న్యాయమత్తా! పిట్టలు వేలకు వేలుండాయంట. నాలుగేంది?"

"ఓరి ఎర్రోడా. నీళ్ళుండే ఏడు ఇన్ని రావు. ప్రతి చెరువులో నీళ్ళుంటే యాడివి ఆడ దిగుతాయి. ఈ పొద్దు చుట్టూ ఎండిపోయి అన్నీ ఈడికొచ్చి పడినాయి. మొన్న కరువులో గంజి పోసే కాడ ఎంత జనముండ్రి? జనం శానా ఉండారని ఊరు బాగున్నట్టా?"

  సర్కారు కాగితంలోని డజను, చెరువు నిండినా డజనే, ఎండినా డజనే. పైగా అది తుపాకి ఉన్నవాడికి మాత్రమే చెప్పే అంకె. చెరువున్నవాళ్ళకి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. ఇన్నేళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నాను, ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

ఇంతలో వాకిట్లో ఒక బక్కపలచని మనిషి వచ్చి నిలబడ్డాడు. పడిన పిట్టల్ని నీళ్ళలోంచి తెచ్చేది అతనేనట. ఎప్పుడు రమ్మంటారో కనుక్కుని వెళ్ళిపోయాడు. అతను పుల్లన్న. ఆ కడమడి అతనిదే.

అతను మలుపు తిరిగేదాకా చూసి ఓబుళమ్మగారు గొంతు తగ్గించింది. "వాని వరి పాలు పోసుకునే పొద్దులో ఉండాది. ఒక తడి అందితే గింజ. లేకుంటే గడ్డి. నాకు తడులు మిగులుబాటేం లేవు, అయినా ఒకటి ఇడుస్తాలే తీసుకోరా అన్న్యా. వద్దనె. వాళ్ళ నాయన ఒక ఏడు మా మామతో అట్లనే తీసుకున్యాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళు పిలవకముందే వచ్చి మా ఇంట్లో చాకిరీ చేసి పోతాండె. పుల్లన్నకది మనసులో ఉండాది."

శేషారెడ్డి మొహం వెలిగింది. "అట్లయితే నేను ఎక్కువ కొడితే వానికి మేలే గదత్తా! నీ తడికి ధర నేను కట్టిస్తా."

"దుడ్లు పోస్తే నా వడ్లు పాలు పోసుకుంటాయా?" అని ఆమె కంచాలు తీసుకుని లోపలికి పోయింది.

చెరువు మీద

తెల్లవారుతుండగా కట్ట ఎక్కాం. ముందు వినిపించింది. వెయ్యి చేటల్లో ఒక్కసారిగా బియ్యం చెరుగుతున్నట్టు నీళ్ళ మీద ఒకటే చప్పుడు. తర్వాత వెలుగు వచ్చింది. నీళ్ళు కనిపించలేదు. నీళ్ళున్న మేరంతా బాతులే. ఒంటినిండా ఇటుకరంగు ఉన్నవి జంటలు జంటలుగా ఒడ్డున నడుస్తున్నాయి. వాటిని బాపనబాతులంటారట. చెరువు నడుమంతా చిలువలనే చిన్న బాతులు. వీటినే మా కొల్లేటి వైపు పరజలంటాం. బజారులో కాళ్ళు కట్టేసి కుప్పలు పోసినప్పుడు చూశానే గానీ, ఇలా తమంతట తాము ఉండగా ఎన్నడూ చూడలేదు. ఇవి హిమాలయాల అవతలనుంచి వస్తాయని పాఠంలో చదివి చెప్పేవాణ్ణి. నిజంగానే వస్తాయని ఆ ఉదయం నమ్మాను. అంత దూరం ఎగిరి వచ్చి, ఎండిన నేలంతా వెతికి, ఈ నాలుగు గాట్ల నీళ్ళని కనిపెట్టాయి! చేతిలో తుపాకి ఉందన్నది మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాను.

కట్ట మీద అప్పటికే ఓ ఇరవైమంది చేరారు. చాలామంది కడమడుల వాళ్ళు. వేట చూడడానికి వచ్చారనుకున్నాను. కాసేపటికి అర్థమైంది, మేం లెక్క తప్పుతామేమోనన్న ఆశతో వచ్చారు.

"కొట్టప్పా, బెదరొద్దు!" అని ఒకాయన నన్ను ప్రోత్సహించాడు. తూము రాయి పక్కన ఓబుళమ్మగారు కొంగు భుజాన కప్పుకుని కూర్చుంది.

శేషారెడ్డి నన్ను తుంగలో కూర్చోబెట్టి, పిట్టలు గాల్లోకి లేచాక ఒక్కొక్కదాన్నే చూసి కొట్టమన్నాడు. తల ఊపాను. ఒక తుమ్మెద చెవి దగ్గర జుమ్మంది. నేను అదిరాను, వేలు అదిరింది, తుపాకి పేలింది. వెనక్కి పడ్డాను. కళ్ళజోడు బురదలో పడింది.

ఆ తర్వాత జరిగింది కళ్ళజోడు లేకుండానే చూశాను. చెరువు మొత్తం లేచింది. ఆకాశం నల్లబడింది. రెక్కల గాలి మొహానికి కొట్టింది. భయమూ ఆనందమూ ఒకేసారి కలిగాయి, ఏడ్చేశాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు, ఎవరైనా ఏడుస్తారు.

నీళ్ళ మీద గుంపుగా కూర్చున్న పిట్టల్లోకి పోయాయి నా తూటాలోని సీసపు గుళ్ళన్నీ. పుల్లన్న మొలలోతు నీళ్ళలో దిగి ఒక్కొక్కటే తెచ్చి కట్ట మీద పరిచాడు. ఆరు! నా వంతు పోను రెండు ఎక్కువ. మొత్తం ఎనిమిది దాటలేదు కాబట్టి అవి శేషారెడ్డి వంతులోకి పోయాయి. కట్ట మీద గుసగుసలు మొదలయ్యాయి. పుల్లన్న మళ్ళీ దిగి తుంగ దుబ్బులన్నీ వెతికాడు. చాలాసేపు వెతికాడు. ఇంకొన్ని దొరికితే బాగుండునని అతని మొహమే చెబుతోంది. పైకి వచ్చి, "ఆరే" అన్నాడు.

శేషారెడ్డి ఎగిరే గుంపులోంచి చకచకా రెండు రాల్చాడు. మంచి చెయ్యి. ఎనిమిదీ అయిపోయాయి. సరిగ్గా అప్పుడు చెదిరిన పిట్టలన్నీ మళ్ళీ నీళ్ళ మీదికి మళ్ళాయి. మా తలల మీదుగా, కర్ర ఎత్తితే తగిలేంత కిందుగా, గుంపు వెనక గుంపు. శేషారెడ్డి తుపాకి ఎత్తాడు. సర్కారు కాగితం ప్రకారం ఇంకా పదహారు కొట్టవచ్చు. కర్నూల్లో ఇంజనీరుగారు ఎదురుచూస్తున్నారు. కట్ట మీద ఎవరూ ఊపిరి తీయలేదు.

అతను అలాగే కాసేపు నిలబడి, తుపాకి దించి, మడత విప్పి తూటాలు తీసి జేబులో వేసుకున్నాడు. "అత్త మడి ఎండబెట్టి విందు చేయలేనప్పా" అన్నాడు నాతో మెల్లగా. నాకు అతన్ని కౌగిలించుకోవాలనిపించింది.

కడమడుల వాళ్ళు పంచెలు దులుపుకుని లేచారు.  పుల్లన్న వంగి కాళ్ళ బురద కడుక్కుంటున్నాడు.

"శేసా, తూటా పెట్టు" అంది ఓబుళమ్మగారు.

"ఎనిమిదీ అయిపోయినాయత్తా."

"నాకూ లెక్కలొస్తాయిలే. కొట్టు."

అతను ఆమె వైపు చూశాడు, నావైపు చూశాడు. తూటా పెట్టి కొట్టాడు. ఒక చిలువ గిరికీలు కొడుతూ వచ్చి పుల్లన్నకి నాలుగడుగుల దూరంలో నీళ్ళలో పడింది. శేషారెడ్డి హుషారుగా మళ్ళీ గురిపెట్టబోయాడు. ఆమె లేచి వచ్చి గొట్టం మీద చెయ్యి వేసింది. "చాలు" అని, కట్ట వైపు తిరిగి అందరికీ వినపడేలా అరిచింది. "మా అల్లుడు లెక్క తప్పినాడు! తప్పు మా ఇంటిది! తడి తెంపుకోండి!"

"తప్పే! తప్పే!" అని కట్టంతా ఒక్క గొంతుతో అంది. ఒకరి తప్పుకి ఊరు అంత సంతోషించడం నేను ఎక్కడా చూడలేదు.

ఇంటికొచ్చాక శేషారెడ్డి ఉండబట్టలేక, "నాకోసం ఒక తడి తెంపుకున్నావు, ఇంగో పది తెంపుకోకూడదా అత్తా?" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. "నీ కోసమని ఎవురు చెప్పినారురా?" అంది.

కర్నూలు సంగతి ముందే

విందు ఏమైందని అడుగుతారు కాబట్టి, అది తర్వాత జరిగినా ముందే చెప్పేస్తాను. మర్నాడు కర్నూలు చేరాం. రాజధాని అంటే భవనాలు ఊహించుకున్నాను. వరసలు వరసలుగా గుడారాలు, వాటిలో బల్లలు, బల్లల మీద ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టిన కాగితాలు! ఒక రాష్ట్రాన్ని గుడ్డ కింద కూర్చుని నడిపిస్తున్నారు. అదీ ఒక అద్భుతమే. తొమ్మిది బాతులకి తోడు నాటుకోళ్ళు వండించాడు శేషారెడ్డి. ఇంజనీరుగారు బాగానే తిన్నారు. "అంత పెద్ద చెరువులో తొమ్మిదేనా?" అన్నారు. "చెరువులో నీళ్ళు తక్కువ సార్" అన్నాడు మావాడు. నీళ్ళకీ తుపాకికీ సంబంధమేమిటని ఆయన నవ్వారు. మేం నవ్వలేదు. రాళ్ళు పరిచే పని ఎవరికిస్తారో ఇంకా తేలలేదు.

చివరి తడి

ఇక వేట జరిగిన రోజు సాయంత్రం సంగతి. ఓబుళమ్మగారు నన్ను చెరువు కిందికి తీసుకెళ్ళింది. ఆమె మడి పక్కనుంచే నడిచాం. ఆ పూట తడవాల్సిన నేల నెర్రెలిచ్చి ఉంది. ఆమె దాన్ని ఒకసారి చూసి ముందుకు నడిచింది. కింద చివరి మడిలో పుల్లన్న పార పట్టుకుని నిలబడ్డాడు. కాలవలో నీళ్ళు అతని వైపు వెళుతున్నాయి. చాలా మెల్లగా, ముందు నురగ, ఎండుటాకులు, వెనక నీళ్ళు. మాకు నీళ్ళంటే తీసిపారేసేవి. వేళ్ళు చాచి నడిచే ఆ సన్నటి ధారని నేను వంగి చూశాను.

నేను గట్టు వెంట అతని దగ్గరికి వెళ్ళాను. మడి అంచున మట్టి నీళ్ళు పీల్చే చప్పుడు వినిపిస్తోంది. ఊరుకోవచ్చు కదా, నా పంతులు బుద్ధి ఊరుకోలేదు. "ఓబుళమ్మగారు అక్కడే ఉన్నారు. ఒక దణ్ణం పెట్టి రారాదా పుల్లన్నా?" అన్నాను.

అతను నన్ను జాలిగా చూశాడు. "నేనెందుకు పెట్టల్లయ్యా? తప్పు ఆయమ్మది. దండగ కట్టింది. ఇవి దండగ నీళ్ళు, నాకు రావాల్సినేవి. ఎవురి ముందరా వంగే పని లేదు" అన్నాడు. పార ఒక వేటు వేసి గండి వెడల్పు చేశాడు.

నేను వెనక్కి వచ్చేసరికి ఓబుళమ్మగారు గట్టు మీద నుంచి కేకలేస్తోంది. "ఒరే పుల్లన్నా! గట్టు తెగుతాది సూడు! నా నీళ్ళు వంకపాలు చేస్తావా?"

పుల్లన్న నడుం నిటారుగా పెట్టి అంతకంటే గట్టిగా అరిచాడు. "నీ నీళ్ళు యాడివమ్మా? ఇవి నా నీళ్ళు!"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోపం వచ్చిందేమోనని భయపడి మొహంలోకి చూశాను. కళ్ళు తళతళలాడుతున్నాయి.

"అట్ల అనల్ల వాడు" అంది నాతో, మెల్లగా, అతనికి వినపడకుండా. ఇద్దరం ఇంటికి నడిచాం.